రెండో ప్రపంచ యుద్ధకాలపు సైడ్‌కార్ బైకుల్లో పక్క చక్రాన్ని కూడా ఇంజినే ఎందుకు తిప్పేది? ఆ బళ్లు తర్వాత ఏమయ్యాయి?

ఒకసారి బురదలో దిగబడితే మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది.

జర్మనీలో ఉద్యోగం చేసిన రోజుల్లో మా పక్కింటి పెద్దాయనకు రష్యన్ ఉరాల్ సైడ్‌కార్ బండి ఉండేది. చిన్నప్పుడు విజయవాడలో నాన్న స్కూటర్ సైడ్‌కార్‌లో కూర్చుని ఊరంతా తిరిగినవాణ్ణి కాబట్టి ఆ బండంటే ప్రాణం లేచొచ్చేది. కానీ కూర్చోవడం వేరు, నడపడం వేరు. యాక్సిలరేటర్ ఇస్తే బండి సైడ్‌కార్ వైపు లాగుతుంది, బ్రేక్ వేస్తే రెండో వైపు లాగుతుంది. మలుపులో మామూలు బైకులా వాల్చడం కుదరదు, హ్యాండిల్‌ని బలంగా తిప్పాల్సిందే. అక్కడ సైడ్‌కార్ కుడివైపు ఉంటుంది. కుడి మలుపు కాస్త వేగంగా తిరిగితే ఖాళీ సైడ్‌కార్ గాల్లోకి లేస్తుంది.

వాన పడిన ఒక అడవిదారిలో వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలైంది. పక్క చక్రం బరువుగా బురదలో కూరుకుపోతోంది తప్ప సాయం చేయడం లేదు. పెద్దాయన ఒక లివర్ లాగారు. పక్క చక్రానికీ ఇంజిన్ బలం అందింది, బండి బయటపడింది. తారు రోడ్డెక్కాక ఆ లివర్ తిరిగి వేయడం మర్చిపోయాం. ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతానంటుంది! ఆ ఉరాల్‌లో డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సిందే, మలుపులో మాత్రం బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి.

యుద్ధానికి ముందు ఇంజినీర్లకు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే. బ్రిటన్ సైన్యం కోసం చేసిన 633 సీసీ నార్టన్ బిగ్ ఫోర్‌లో పక్క చక్రానికి బలం ఇచ్చారు గానీ డిఫరెన్షియల్ పెట్టలేదు. ఆ బలాన్ని బురద, ఇసుక ఉన్నచోట మాత్రమే వాడాలి. 1941లో వచ్చిన జర్మన్ బళ్లు, జుండాప్ కేఎస్ 750, బీఎండబ్ల్యూ ఆర్ 75, ఆ చిక్కును విప్పాయి. వాటి డిఫరెన్షియల్ బలాన్ని సమానంగా పంచదు. ఎక్కువ బరువు మోసే వెనక చక్రానికి పెద్ద వాటా, పక్కదానికి చిన్న వాటా. మరీ దిగబడితే రెండు చక్రాలూ కలిసి తిరిగేలా దాన్ని లాక్ చేయొచ్చు. ఆర్ 75కు 745 సీసీ ఇంజిన్, 26 హార్స్‌పవర్, గతుకుల దారికి వేరే గేర్లు, రివర్స్ గేర్ కూడా. సైడ్‌కార్‌తో కలిపి 420 కిలోలు మరి, గోతిలోంచి మనుషులు వెనక్కి నెట్టగలరా? మొదట గేర్‌బాక్స్ మీద ఉన్న ఎయిర్ ఫిల్టర్, ఎడారి దుమ్ము దెబ్బకు పెట్రోల్ ట్యాంకు పైకెక్కింది. నాకు అన్నిటికన్నా నచ్చే మార్పు అదే: ఎడారి నేర్పిన పాఠం బండి ముఖాన కనిపిస్తుంది.

సోవియట్లు వేరే దారి పట్టారు. వాళ్ల ఎం-72 బైకుకు మూలం అంతకుముందు వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 71. సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే పాత తరహా) ఇంజిన్, 746 సీసీ, 22 హార్స్‌పవర్, పక్క చక్రానికి బలం లేదు. 1941లో శత్రువు మాస్కో దగ్గరకు వచ్చేసరికి ఫ్యాక్టరీని ఉరాల్ పర్వతాల అవతల ఇర్బిత్‌కు తరలించి, ఒక బీరు కర్మాగారంలో యంత్రాలు బిగించారు. యుద్ధం ముగిసేలోగా అక్కడినుంచి వేల బళ్లు ముందువరుసకు వెళ్లాయి. నేను నడిపిన ఉరాల్ ఆ వంశానిదే.

ఇక రెండో ప్రశ్న. అంత గొప్ప యంత్రాన్నీ జీపు పక్కకు నెట్టేసింది. నాలుగు చక్రాల బండి ఎక్కువ మందిని, ఎక్కువ సామాను మోస్తుంది. దాన్ని నడపడం ఎవరికైనా త్వరగా వచ్చేస్తుంది. అమెరికా సైన్యం కోసం హార్లే కూడా బీఎండబ్ల్యూ తరహాలో ఎక్స్‌ఏ అనే బైకు చేసింది, దాదాపు 1,000 దగ్గరే ఆగిపోయింది. ఇర్బిత్ ఫ్యాక్టరీ మాత్రం యుద్ధం తర్వాత కూడా దశాబ్దాల పాటు సైడ్‌కార్లు చేస్తూ వచ్చింది.

మీకెప్పుడైనా అలాంటి బండి నడిపే అవకాశం వస్తే, పెద్దాయన నాకు చెప్పిన మాటే మీకూ చెబుతాను: ఖాళీ సైడ్‌కార్‌తో రోడ్డెక్కకండి, అందులో ఒక ఇసుక బస్తా వేయండి.