తాస్మానియా ఓవర్‌ల్యాండ్ ట్రాక్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జనవరిలో మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న తాస్మానియా ద్వీపంలో ఓవర్‌ల్యాండ్ ట్రాక్ అనే కొండదారి నడుద్దామంటున్నాడు. నాకు 57 ఏళ్లు, రోజూ గంటసేపు నడుస్తాను. సరిపోతుందా అండీ? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రోనీ క్రీక్ నుంచి సెయింట్ క్లెయిర్ సరస్సు పై కొసన ఉన్న నార్సిసస్ దాకా 65 కిలోమీటర్లు. మామూలుగా ఆరు రోజుల్లో నడుస్తారు. పెద్ద రోజు విండర్‌మియర్ నుంచి పీలియన్ దాకా, దాదాపు 17 కిలోమీటర్లు. దూరం మీకు కష్టం కాదు, కష్టమల్లా వీపు మీది బరువే. తిండి, టెంట్, పక్క అన్నీ కలిపి 15 కిలోలు ఇట్టే దాటుతుంది. పైగా అది ఎక్కువగా ఉండే మొదటి రోజే మారియన్స్ లుకౌట్‌కు దాదాపు 350 మీటర్ల ఎక్కుడు. పైన గొలుసు పట్టుకుని ఎక్కాల్సిన రాతి భాగం కూడా ఉంది. సింహాచలం మెట్లు మీకు దగ్గరే కదా. రెండు మూడు నెలలపాటు వారానికి మూడుసార్లు ఎక్కి దిగండి, ముందు 6 కిలోలతో, చివరికి 14 కిలోలతో. దిగడం మానవద్దు, మోకాళ్లు గట్టిపడేది దిగేటప్పుడే. సరస్సు మీద పడవ ముందే బుక్ చేసుకుంటే ఒడ్డు వెంబడి మరో 17 కిలోమీటర్ల నడక తప్పుతుంది.

అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు బుకింగ్ తప్పనిసరి. ఆ రోజుల్లో ఉత్తరం నుంచి దక్షిణానికే నడవనిస్తారు.

ప్రశ్న: అక్కడ జనవరి అంటే ఎండాకాలం కదా. దారిలో రాత్రి తలదాచుకునే హట్‌లు కూడా ఉన్నాయంటున్నారు. మరి చలి బట్టలు, టెంట్ ఎందుకు? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ట్రాక్ మీద ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. తాస్మానియాకు పడమర దక్షిణ అమెరికా దాకా సముద్రమే. అడ్డులేని గాలి తేమను మోసుకొచ్చి ఈ కొండల మీద కుమ్మరిస్తుంది. పొద్దున చొక్కాతో నడిచిన చోట మధ్యాహ్నానికి మంచు పడవచ్చు, జనవరిలో కూడా. జీన్స్, నూలు బనియన్లు తడిస్తే ఆరవు. తడి బట్ట మీద గాలి తగిలితే ఒంటి వేడి దిగిపోతుంది. మనిషి వణుకుతాడు, తడబడతాడు, మాట ముద్దగా వస్తుంది. తడిసి ముద్దయినవాడు వణకడం ఆపేస్తే తేరుకున్నాడనుకోకండి, అది ఇంకా ప్రమాదం. వెంటనే గాలి తగలని చోట పొడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి, స్పృహలో ఉంటే తియ్యటి వేడి పానీయం తాగించాలి.

ఒంటికి ఉన్ని లేదా సింథటిక్ బనియన్, దానిపై ఫ్లీస్, పైన టోపీ ఉన్న వానకోటు, వాన ప్యాంటు. స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 5 డిగ్రీలు తట్టుకునేది. బ్యాగుకు పైన వేసే కవరును గాలి ఎగరేసుకుపోతుంది. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, రాత్రి బట్టలు అందులో మూతి బిగించి పెట్టండి. హట్‌లో చోటు ముందు వచ్చినవారిది, అక్కడ పరుపులుండవు, చెక్క అరుగులే. నిండిపోతే, లేదా దారిలోనే చీకటి పడితే టెంటే దిక్కు. చాలా చోట్ల ఫోను పనిచేయదు. ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే పీఎల్‌బీ బీకన్ అద్దెకు తీసుకోండి.

ప్రశ్న: వంట సంగతి? పక్షులు తిండి ఎత్తుకుపోతాయట, నిజమేనా? – బెంగళూరు నుంచి

జవాబు: నిజమే. నల్ల కరవాంగ్ అనే పక్షి, మన బొంతకాకి తీరున ఉంటుంది, ముక్కుతో జిప్ తీస్తుంది. పీలియన్ గ్యాప్‌లో బ్యాగులు దించి, ద్వీపంలోకెల్లా ఎత్తయిన 1,617 మీటర్ల ఒస్సా శిఖరానికి వెళ్తారు చూడండి, అక్కడ కాచుకుని ఉంటుంది. రెండు జిప్ కొసలను చిన్న కొక్కెంతో కలిపి, జిప్ వైపు నేలకు ఆనేలా పెట్టండి. తిండి మాత్రం పై అరలో వద్దు.

మంట వేయనివ్వరు, హట్‌లో పొయ్యి ఉండదు. గ్యాస్ డబ్బా విమానంలో రాదు, లాన్సెస్టన్‌లో కొనండి. బియ్యం వండితే గ్యాస్ వృథా. అటుకులు, వేయించిన రవ్వ ఉప్మా, సేమియా లాంటివైతే నీళ్లు మరిగితే చాలు, 230 గ్రాముల డబ్బా ఒక్కరికి ఆరు రోజులు వస్తుంది. మనిషికి రోజుకు 700 గ్రాముల పొడి తిండి చొప్పున ఒక రోజుకు ఎక్కువే పెట్టుకోండి. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు పొడులు, పచ్చళ్లతో సహా తినే వస్తువులన్నీ కార్డులో రాయండి. అక్కడి నుంచి తాస్మానియాకు పచ్చి పండ్లు, కూరగాయలు తేనివ్వరు. బూట్లకు మట్టి లేకుండా కడగండి. వేరుకుళ్లు తెగులు అలాగే పాకుతుంది, అక్కడి మొక్కలు దానికి తట్టుకోలేవు.

ప్రశ్న: తాస్మానియా పులి ఇంకా ఉందా? ఆ దారిలో చూడదగ్గ పాత ఆనవాళ్లేమిటి? – తిరుపతి నుంచి

జవాబు: లేదు. పేరుకు పులి గానీ, అది వీపున చారలుండి, కంగారూలా పొట్టకు సంచి ఉన్న జంతువు. గొర్రెలను తింటోందని 1888 నుంచి 1909 వరకు ప్రభుత్వమే తలకింత అని బహుమతి ఇచ్చి చంపించింది. 1936 జులై 10న రక్షణ ఇచ్చారు. అప్పటికి తెలిసినంతలో మిగిలింది హోబార్ట్ జూలోని ఒక్కటే, అది 59 రోజులకు, సెప్టెంబర్ 7న చనిపోయింది. పొట్టి కాళ్లతో బొద్దుగా ఉండే వోంబాట్‌లు మాత్రం సాయంత్రం రోనీ క్రీక్ గడ్డిలోనే కనిపిస్తాయి.

దారిలోని బటన్ గ్రాస్ మైదానాలను ఉత్త గడ్డి అనుకోవద్దు. మేతకు జంతువులు రావాలని ఆదివాసులు వేల ఏళ్లు నిప్పుపెట్టి తెరిపిగా ఉంచిన నేలలు అందులో ఉన్నాయి. 1931లో ఈ దారికి గుర్తులు పెట్టింది బెర్ట్ నికల్స్ అనే వేటగాడు. అంతకు ముందు, ఆస్ట్రియా నుంచి వచ్చిన గుస్తావ్ వైన్‌డార్ఫర్ 1912లో కింగ్ బిల్లీ పైన్ అనే చెట్టు కలపతో వాల్డ్‌హైమ్ అనే విడిది కట్టి, ఈ కొండలను అందరి కోసం కాపాడాలని పోరాడాడు. ఇప్పుడున్నది అదే తీరులో తిరిగి కట్టినది. రోనీ క్రీక్‌కు దగ్గర్లోనే ఉంది కాబట్టి ముందురోజు సాయంత్రమే చూసేయండి, మొదటి రోజు ఎక్కుడుకు పొద్దున్నే బయల్దేరాలి.