బ్యాండులో సోలో వచ్చినప్పుడు గిటార్ ఆంప్ వాల్యూమ్ ఎంత పెట్టాలి?

తమ్ముడూ, శ్రీకాకుళంలో కాలేజీ బ్యాండు అన్నావు. సోలోకి, అంటే గిటార్ ఒక్కటే ముందుకొచ్చే బిట్‌కి, సరిపడా ఆంప్ పెంచితే పాటంతా గిటారే మోగుతోందనీ, తగ్గిస్తే సోలో ఎవరికీ వినబడట్లేదనీ రాశావు. నాబ్ ఏ అంకె మీద ఉండాలని అడిగావు. అంకె చెప్పి లాభం లేదు, హాలు మారితే మారిపోతుంది, జనం నిండితే మారిపోతుంది. విజయనగరం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్ళుగా లీడ్ వాయిస్తున్నాను. సోలో వినబడలేదంటే నూటికి తొంభై పాళ్ళు గిటార్ చిన్నగా ఉండటం వల్ల కాదు, పక్కవాళ్ళు తగ్గకపోవడం వల్ల.

కిందటి పైడితల్లమ్మ పండగకి, సిరిమానుకి ముందు రోజు తొలేళ్ళ రాత్రి, ఒక వీధి చివర స్టేజీ వేశారు. ఆ రోజు నాకు ప్రోగ్రాం లేదు. నా దగ్గర కొన్నాళ్ళు నేర్చుకున్న కుర్రాడు లీడ్ వాయిస్తున్నాడని తెలిసి జనంలో నిలబడి విన్నాను. రెండో చరణానికి ముందు గిటార్ బిట్. కుర్రాడు కళ్ళు మూసుకుని తీగ వంచుతున్నాడు, వేళ్ళు కనబడుతున్నాయి, ఒక్క స్వరం వినబడదు. కీబోర్డాయన రెండు చేతులా స్ట్రింగ్స్ సౌండ్ నొక్కిపట్టి ఉన్నాడు, డ్రమ్ ప్యాడ్స్ అబ్బాయి రోల్ మీద రోల్ కొడుతున్నాడు. నా పక్కన పిల్లని భుజానెత్తుకున్న ఒకాయన, "ఏటి, ఆ బాబు ఉత్తినే ఏళ్ళాడిస్తన్నాడేటి? ఏటీ ఇనబడ్నేదు" అన్నాడు. పాట అవగానే కుర్రాడు ఆంప్ పెంచేశాడు. తర్వాతి పాటలో పాడే అమ్మాయి మాట ఒక్కటి అర్థం కాలేదు, ముందు వరసలో పెద్దావిడ చెవులు మూసుకుంది.

మధ్యలో ఉపన్యాసాలు మొదలవగానే స్టేజీ వెనక్కి వెళ్ళాను. వాడి ఆంప్ మీద బాస్ (కింది స్వరాలు) పైకి, ట్రెబుల్ (పై స్వరాలు) పైకి, మిడ్ (మధ్య స్వరాలు) దాదాపు సున్నా, గరగర తెచ్చే గెయిన్ నిండా ఉంది. గదిలో ఒక్కడూ వాయించుకుంటే ఆ సౌండ్ చాలా బాగుంటుంది. బ్యాండులో కింది భాగాన్ని బాస్ గిటారూ కిక్ డ్రమ్మూ తీసుకుంటాయి, పై భాగాన్ని సింబల్స్ తీసుకుంటాయి, గిటార్‌కి మిగిలేదే మిడ్. దాన్ని తీసేసుకుని వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతుంది గానీ గిటార్ పెరగదు. మిడ్ సగం దాటించి, గెయిన్ బాగా తగ్గించాం. ఆంప్‌ని నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టి, వాడి చెవి వైపు వెనక్కి వాల్చాం. స్పీకర్ నుంచి వచ్చే పదును తిన్నగా ముందుకే పోతుంది. మోకాళ్ళ దగ్గర పెట్టుకున్నవాడికి మందంగా వినబడి ట్రెబుల్ పెంచుతాడు, అది వెళ్ళి ముందు వరసకి గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతది నీకు అసలు పనికొచ్చేది. గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ 10లో పెట్టించి, సోలో సరిగ్గా వినబడేలా ఆంప్ సర్దాం. మిగతా పాటకి ఆ నాబ్‌నే ఆరో ఏడో దగ్గరికి తగ్గించమన్నాను. సోలో గట్టితనం ముందు ఖాయం చెయ్యాలి, పాట దాని కింద సర్దుకోవాలి. అందరూ తిరగేసి చేస్తారు.

అప్పుడు కీబోర్డాయన దగ్గరికెళ్ళి, "అన్నగారూ, ఈ బిట్ వరకూ ఎడం చెయ్యి తియ్యండి" అన్నాను. పెద్దాయన, ఆయనకి నచ్చలేదు. "నేను తీసేస్తే పాట ఖాళీ అయిపోద్ది కదా" అన్నాడు. "ఆ ఖాళీలోనే కదండీ వీడు వాయించాలి" అన్నాను. కాసేపు మాట్లాడలేదు గానీ, నేను మళ్ళీ జనంలోకి వచ్చి నిలబడ్డాక, ఆ బిట్ దగ్గర తీశాడు. ఆంప్ ముందుకన్నా తక్కువలోనే ఉంది, బిట్ మాత్రం వీధి చివరిదాకా స్వరం స్వరం వినబడింది. నా పక్కాయన పిల్లని రెండో భుజానికి మార్చుకుని, "ఇప్పుడినబడింది" అన్నాడు.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మా విజయనగరం, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. ఏ కచేరీకైనా వెళ్ళి గమనించు, వయొలిన్ వంతు రాగానే మృదంగం మెత్తబడుతుంది. ఎవరూ వేలు చూపించి చెప్పక్కర్లేదు. ఆ మర్యాద మన ఆర్కెస్ట్రా స్టేజీల మీద ఎందుకు లేదో నాకు నిజంగా బాధ.

పెద్ద ఆంప్ కొనాలనుకుంటున్నానని కూడా రాశావు, వద్దు. 50 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కొంచెమే తేడా. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఆ డబ్బు పెట్టి ఒక ఈక్యూ పెడల్ కొనుక్కో, కాలితో తొక్కితే బాస్, మిడ్, ట్రెబుల్ విడివిడిగా పెంచే పెట్టె, సోలోకి అదే నీ బూస్ట్. ఆంప్ క్లీన్‌గా, గరగర లేకుండా ఉంటే దాని ముందు పెట్టినా పనిచేస్తుంది. ఆంప్ డిస్టార్షన్ (గరగర) వాడుతుంటే మాత్రం ఆంప్ వెనకున్న ఎఫెక్ట్స్ లూప్ సాకెట్లలో పెట్టాలి, ముందు పెడితే గరగర పెరుగుతుంది, గట్టితనం పెరగదు. మిడ్ దగ్గర కాస్త, మొత్తం మీద నాలుగైదు డెసిబెల్స్ పెంచితే చాలు. ఆంప్ లేకుండా గిటార్ ప్రాసెసర్ తిన్నగా మిక్సర్‌కి ఇచ్చేవాడివైతే అదే లెక్కన సోలోకి విడిగా ఒక ప్యాచ్ (దాచుకున్న సెట్టింగు) చేసుకో, అదీ హెడ్‌ఫోన్స్‌లో కాదు, బ్యాండుతో రిహార్సల్‌లో.

ఇంక సౌండ్ సిస్టంవాళ్ళు. మైకులు, ప్యాడ్స్ సరిచూసుకుని గిటార్‌ని చివరికి వదిలేస్తారు. నువ్వు బూస్ట్ తొక్కగానే ఎక్కువైందని మిక్సర్ మీది నీ ఫేడర్ (వాల్యూమ్ మీట) కిందకి లాగేస్తారు, సోలో అయ్యాక పైకి ఎత్తడం మరిచిపోతారు. అందుకని సౌండ్ చెక్‌లో పల్లవి వాయించి ఊరుకోకు. బ్యాండంతా వాయిస్తుండగా బూస్ట్ తొక్కి సోలో వినిపించు, "ఇక్కడ ఇంత పెరుగుతుంది, ముట్టుకోకండి" అని దగ్గరికెళ్ళి చెప్పు. ఆ వాయించేటప్పుడే కీబోర్డు చెయ్యి ఎక్కడ లేస్తుందో కూడా తేల్చుకోండి.