టిప్పు సుల్తాన్ మరణ దృశ్యాన్ని గీసిన డేవిడ్ విల్కీ భారతదేశానికి వచ్చాడా?

రాలేదు. స్కాట్లాండ్ చిత్రకారుడు సర్ డేవిడ్ విల్కీ (1785–1841) మన దేశంలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. 1799 మేలో శ్రీరంగపట్నం కోట పడిపోయి టిప్పు చనిపోయేనాటికి అతను ఫైఫ్ ప్రాంతంలో పాస్టరు గారి అబ్బాయి, వయసు పదమూడేళ్లు.

మరి ఆ బొమ్మ ఎలా వచ్చింది? కోటపై దాడిని నడిపించిన బ్రిటిష్ జనరల్ డేవిడ్ బెయిర్డ్ చనిపోయాక ఆయన భార్య విల్కీ చేత వేయించింది. 1839లో పూర్తయింది. అంటే ఘటన జరిగిన నలభై ఏళ్లకు, అదీ గెలిచినవాళ్ల ఇంటి ఆర్డరు మీద! అందుకే దాన్ని ఫొటోలా నమ్మకూడదు. బొమ్మలో బెయిర్డ్ కాళ్ల దగ్గర నేలలో ఒక ఇనుప ఊచల చట్రం ఉంటుంది, చూడండి. 1780లో పొల్లిలూరు యుద్ధంలో మైసూరు సేనలకు పట్టుబడి మూడేళ్లకు పైగా శ్రీరంగపట్నంలోనే ఖైదీగా ఉన్నవాడు బెయిర్డ్. ఆ చెరను గుర్తుచేయడానికే విల్కీ దాన్ని పెట్టాడు.

అసలు విల్కీకి పేరు తెచ్చినవి యుద్ధాలు కావు, పల్లె జనం బొమ్మలు. పంతొమ్మిదేళ్లకే తమ పక్క ఊరి సంతను, ‘పిట్లెస్సీ ఫెయిర్’ను, గీశాడు.

‘తూర్పు దేశాలు తిరిగి వస్తూ ఓడలో చనిపోయాడు’ అని చదివి చాలామంది ఇండియా అనుకుంటారు. అతను వెళ్లింది కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేం వైపు. తిరుగు ప్రయాణంలో జిబ్రాల్టర్ దగ్గర చనిపోతే సముద్రంలోనే అంత్యక్రియలు చేశారు.