స్నో అంటే సీసాలోదా, ఆకాశంలోదా?

ప్రశ్న: మా అమ్మాయి చికాగోలో చదువుతోంది. ఫోన్ చేస్తే ఒకరోజు 'స్నోడ్ ఇన్' అంటుంది, ఇంకోరోజు 'స్నోడ్ అండర్' అంటుంది. ఆ రెండోసారి బయట ఎండ కాస్తోంది, వీడియో కాల్‌లో నేనే చూశాను. మా అత్తగారికేమో స్నో అంటే మొహానికి రాసుకునేదే. మేం బళ్ళో చదువుకున్నది మంచు అని. ఏది ఒప్పండీ? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అత్తగారిని తేలిగ్గా తీసెయ్యకండి. మనలో చాలామంది ఇళ్ళలోకి ఈ మాట ఆకాశంలోంచి రాలేదు, సీసాలో వచ్చింది. పటాన్‌వాలా అనే ఆయన బొంబాయిలో తయారుచేసిన అఫ్గాన్ స్నో ఒకప్పుడు దేశమంతా తెలిసిన సరుకు, ఇంగ్లండు వాళ్ళ హేజలీన్ స్నో అంతకన్నా పాతది. పెళ్ళికి బయల్దేరేముందు అద్దం దగ్గర నిలబడి, సీసా మూత తిప్పి, వేలికొనతో శనగగింజంత తీసి, నుదుట ఒక చుక్క, బుగ్గలకి చెరొకటి, గడ్డానికి ఒకటి పెట్టుకుని రుద్దేవాళ్ళు. కాసేపటికి తెలుపంతా మాయం, జిడ్డూ ఉండదు. దానిమీద పౌడరు. 'స్నో పౌడరు' అని కలిపి అనడం అలా అలవాటైపోయింది. పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. నూనె తక్కువగా, స్టియరిక్ ఆమ్లం, నీళ్ళు ఎక్కువగా ఉండే క్రీమ్ అది, అందుకే చూడ్డానికి తెల్లగా, తేలిగ్గా, కాస్త మెరుస్తూ మంచు కుప్పలా ఉంటుంది, రాస్తే కనబడకుండా పోతుంది. కాబట్టి మీ అత్తగారు చెప్పేదీ మీరు చదివిందీ రెండూ ఒప్పే.

ఇక అమ్మాయి సంగతి. 'స్నోడ్ ఇన్' అంటే నిజం మంచే. రాత్రంతా కురిసి గుమ్మం ముందు, కారు చుట్టూ మోకాలెత్తు పేరుకుపోయి, పార పట్టుకుని తోడితే తప్ప బయటికి రాలేని పరిస్థితి. 'స్నోడ్ అండర్'కి వాతావరణంతో పనే లేదు. పని మీద పని పడి ఊపిరాడకపోవడం, అంతే. మనం నీళ్ళ దేశంవాళ్ళం కనక పనిలో 'తలమునకలై' ఉంటాం, వాళ్ళు చలి దేశంవాళ్ళు కనక మంచు కింద కూరుకుపోతారు. మార్చి నెలాఖరున విజయవాడలో ఏ ఆడిటర్ ఆఫీసులోనైనా, ఫ్యాన్ కింద చెమటలు కారుతూ కూర్చున్నవాడు కూడా నిక్షేపంగా ఈ మాట అనొచ్చు. మీ అమ్మాయికి ఆ రోజు పరీక్షలో, అసైన్‌మెంట్లో అయ్యుంటాయి, టెన్షన్ పడకండి.

ఇంకోటి ఉంది, 'స్నో జాబ్'. ఉద్యోగం కాదు! గుక్క తిప్పుకోకుండా మాటలు, లెక్కలు, పొగడ్తలు కుమ్మరించి అసలు విషయం కనబడకుండా చేసి ఎదుటివాణ్ణి ఒప్పించేయడం. మన భాషలో మసిపూసి మారేడుకాయ చేయడం. మనం నలుపు పూస్తాం, వాళ్ళు తెలుపు కప్పుతారు, మోసం మాత్రం ఒకటే. నాకు ఈ జంట భలే ఇష్టం.

పాత టీవీలో బొమ్మ రాకుండా బుస్సుమంటూ కదిలే చుక్కల్ని కూడా ఇంగ్లీషులో స్నో అనే అంటారు. మేడమీద ఒకరు యాంటెన్నా తిప్పుతూ 'వచ్చిందా?' అని అరవడం, కిందనుంచి 'ఆఁ వచ్చింది, ఆఁ పోయింది' అనడం గుర్తున్నవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ప్రశ్న: లంబసింగిలో స్నో పడిందంటూ ఏటా వీడియోలు వస్తున్నాయి. నిజంగా పడుతుందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు చూసేది స్నో కాదు. తప్పు వీడియో తీసినవాళ్ళది కూడా కాదు, మన 'మంచు' అన్న మాటది. పొద్దున్నే గడ్డిమీద నీటిబొట్టు మనకి మంచే, దారి కనబడనివ్వని పొగమంచూ మంచే, హిమాలయాల మీదిదీ మంచే. ఇంగ్లీషులో వీటికి డ్యూ, ఫాగ్, స్నో అని వేరువేరు పేర్లు. లంబసింగి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున అక్కడ కమ్ముకునేది ఫాగ్. బాగా చలి పెట్టిన రోజున గడ్డిపరకల మీద, బండి సీటు మీద తెల్లగా ఉప్పు చల్లినట్టు కనిపిస్తే అది ఫ్రాస్ట్. అది పైనుంచి పడదు. నేలకి దగ్గరగా గాల్లో ఉన్న తేమే చల్లబడ్డ గడ్డిమీద గడ్డకడుతుంది. స్నో మాత్రం మబ్బులోనే పలుకులుగా తయారై కిందికి రాలుతుంది.

2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు నేలంతా తెల్లబడితే 'తెలంగాణలో కశ్మీర్' అన్నారు. అవి వడగళ్ళు, అంటే హెయిల్. ఫొటో చూసినవాళ్ళు మురిసిపోయారుగానీ పంట పోయిన రైతుకి అందులో కశ్మీర్ ఏం కనబడుతుంది?

ప్రశ్న: 'స్నో ఈజ్ రెయినింగ్' అని రాస్తే మా సార్ కొట్టేశారు. 'మంచు కురుస్తోంది' అనే కదా అర్థం? – ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కొట్టేయడం సబబే. రెయినింగ్‌లోనే వాన ఉంది, స్నోని వానలా కురిపించలేం. స్నో నామవాచకమే కాదు, క్రియ కూడా. 'ఇట్ ఈజ్ స్నోయింగ్' అంటే చాలు, 'స్నో ఈజ్ ఫాలింగ్' అన్నా తప్పులేదు. ఆ 'ఇట్' ఎవరు అని అడక్కు, ఎవరూ కాదు, వాక్యానికి కర్త లేకపోతే ఇంగ్లీషుకి తోచదు కాబట్టి నిలబెట్టిన దిష్టిబొమ్మ. ఇంకోమాట, మామూలు వాడుకలో 'ఎ స్నో', 'టూ స్నోస్' అనరు. ఒక్క పలుకు గురించి చెప్పాలంటే స్నోఫ్లేక్ అను. ఈసారి మార్కులు పోతే మాత్రం నాకు రాయొద్దు.