పావులూరి మల్లన చదరంగం పద్యంలో 19 అంకెలే వస్తున్నాయి, తప్పెక్కడ?

ఈ పద్యం చదరంగం గళ్ల లెక్కని ఒక్కో మాటకి ఒక్కో అంకెగా చెబుతుంది. బరంపురంలో ఒడియా మీడియం చదివే మీ బాబుకి దాన్ని విడదీసి చెబుతుంటే 20 అంకెలకి 19 వచ్చాయన్నారు. తప్పు లెక్కలో లేదండీ, సంధిలో ఉంది.

"వియన్నగాగ్ని" దగ్గర ఆగి చూడండి. వియత్, నగ, అగ్ని: 0, 7, 3. "వియన్నగ"ని ఒకే మాట అనుకుంటే ఒక అంకె ఎగిరిపోతుంది. నగని నాగ అని చదివినా చిక్కే. నగ అంటే కొండ, 7. నాగ అయితే 8.

మొత్తం వరస: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

పద్మజాస్యని మాత్రం విడగొట్టకండి. బ్రహ్మ ముఖాలు కాబట్టి అంతా కలిపి 4. సప్తసముద్రాలు గుర్తొచ్చి అబ్ధికి, పయోనిధికి 7 వేసేవాళ్లు చాలామంది. ఇక్కడ సముద్రం 4.

ఇప్పుడు చివర్నుంచి వెనక్కి రాయండి. "అంకానాం వామతో గతిః", అంటే అంకెల నడక ఎడమవైపుకి అన్నారు కదా, మొదటి శర ఒకట్ల స్థానంలో పడాలి: 18446744073709551615. మొదటి గడిలో ఒకటి, ఆపై గడిగడికీ రెట్టింపు, 64 గళ్ల మొత్తం ఇదే.

సరిచూడ్డానికి ఎక్సెల్‌ని నమ్మొద్దు. అది 15 అంకెల దాకానే పట్టుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. 256ని వర్గం చేస్తే 65536, దాన్ని మళ్లీ చేస్తే 4294967296. ఇంకోసారి కాగితం మీదే వర్గం చేసి 1 తీసేయండి. అంత ఓపిక లేకపోతే అంకెలు కూడండి: 87 రావాలి. ఒక మాట జారితే సాధారణంగా ఇక్కడే దొరికిపోతుంది, సున్నా జారితే మాత్రం దొరకదు. అందుకే ముందు 20 లెక్కపెట్టుకోవాలి.

మల్లన తెనిగించింది మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని. ఈ అంకెల మాటలు తెలుగువాళ్ల సొత్తేం కాదు, మీ ఒడిశాలోనూ ఉన్నాయి. పూరీ శతానందుడి జ్యోతిష గ్రంథం భాస్వతి 1099 నాటిది, దాని లెక్క మొదలయ్యే కలి సంవత్సరం కూడా మాటల్లోనే ఉంటుంది: వియత్, నభస్సు, లోచనం, వేదం. బాబుని అడగండి. 4200 అంటే పద్ధతి వచ్చేసినట్టే. 24 అన్నాడంటే ఎడమ నుంచే చదివేశాడు.