ఆ నాలుగు రోజుల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

బ్రెజిల్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ రొజేరియో సెని మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా పోగుచేశావు, ఆ కష్టం కనిపిస్తోంది. కానీ 1,237 మ్యాచ్‌లు, 131 గోల్స్, పాతికేళ్లపాటు సావో పాలో క్లబ్బు... ఇవన్నీ మొదటి వాక్యంలోనే కుమ్మరించేశావు. ఇక చదివేవాడు ముందుకు ఎందుకు వెళ్లాలి?

ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒకసారి భాగించు. తొమ్మిది మ్యాచ్‌లకు ఒక గోల్ కూడా పడదు. అంటే వెయ్యికి పైగా మ్యాచ్‌ల్లో అతను గోల్ కొట్టలేదు, కీపర్ పనే చేశాడు. నీ వ్యాసంలో ఫ్రీ కిక్‌లు కొట్టే వింత మనిషి ఉన్నాడు, గోల్‌కీపర్ లేడు. సెని మీద రాసే ప్రతివాళ్లూ ఇక్కడే జారిపోతారు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే 2006 ఆగస్టు 16 రాత్రి. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబెర్టడోరెస్, ఫైనల్ రెండో మ్యాచ్, ప్రత్యర్థి ఇంటర్నసియొనాల్ సొంత మైదానం. మొదటి మ్యాచ్ సావో పాలో 2-1తో ఓడి వచ్చింది. గోల్ ముందుకు ఎగిరొచ్చిన ఒక బంతి సెని చేతుల్లో నిలవలేదు, ఇంటర్నసియొనాల్ ఫార్వర్డ్ ఫెర్నాండావ్ దాన్ని లోపలికి తోసేశాడు. మ్యాచ్ 2-2గా ముగిసి, కప్పు చేజారింది. సరిగ్గా నాలుగు రోజులకు, ఆగస్టు 20న, మినేరావ్ స్టేడియంలో క్రుజేరోతో లీగ్ మ్యాచ్. సావో పాలో రెండు గోల్స్ వెనకబడింది. సెని ఒక పెనాల్టీ ఆపాడు. తర్వాత ఒక ఫ్రీ కిక్, ఒక పెనాల్టీ గోల్స్‌గా మలిచాడు. 2-2. ఆ రెండూ అతని 63వ, 64వ గోల్స్. పరాగ్వే కీపర్ చిలావెర్ట్ 62 గోల్స్ రికార్డు ఆ రోజే దాటిపోయింది. నీ వ్యాసంలో 20వ తేదీ ఉంది, 16 లేదు. 16 లేకపోతే 20 ఒట్టి రికార్డు.

16వ తేదీ తప్పును ఎలా రాయాలో చెప్తాను. 'దురదృష్టవశాత్తూ బంతి జారింది' అని రాయకు, అందులో సమాచారమేమీ లేదు. గాల్లోంచి వచ్చే బంతికి కీపర్ చేయాల్సినవి వరుసగా ఉంటాయి. గీత మీదే ఉండాలా, బయటికి రావాలా అన్నది తేల్చుకోవాలి. వస్తున్నానని గట్టిగా అరవాలి. ఒంటి కాలి మీద ఎగిరి, రెండో మోకాలు పైకెత్తాలి, అది శరీరానికి కాపు. బంతిని అందినంత ఎత్తులో పట్టాలి, జనం మరీ మూగితే రెండు పిడికిళ్లతో గుద్దాలి. ఎక్కడ తప్పుతుంది? అర సెకను ఆలస్యంగా కదిలితే, ఎవరైనా దారికి అడ్డమొస్తే, గ్లోవ్స్ తడిసి ఉంటే, పట్టకముందే ఎవరికి విసరాలా అని చూపు పక్కకు పోతే. వీడియో సగం వేగంతో మూడుసార్లు చూడు. మొదటిసారి పాదాలు మాత్రమే, రెండోసారి చేతులు, మూడోసారి చుట్టూ ఉన్నవాళ్లు. కనిపించినదే రాయి, కనిపించని కారణం కల్పించకు.

పాదాలు ముందు ఎందుకంటే, అవతలివాడు తన్నే క్షణానికి కీపర్ రెండు పాదాలూ నేల మీద ఉండాలి. అడుగు మధ్యలో దొరికిపోతే అటు దూకలేడు, ఇటు దూకలేడు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఏ మనిషి చేతులూ అంత మేర కప్పలేవు, అందుకే నిలబడే చోటే సగం పని. రెండడుగులు ముందుకొస్తే కొట్టేవాడికి గోల్ చిన్నదవుతుంది, కానీ నెత్తిమీదుగా లేపి వేసే వీలు పెరుగుతుంది. 2005 డిసెంబర్ 18న యొకొహామాలో లివర్‌పూల్ మీద 1-0తో గెలిచిన క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్ ఈ కళ్లతో మళ్లీ చూడు. లివర్‌పూల్ ఆటగాడు జెరార్డ్ ఫ్రీ కిక్ దగ్గర ఆపి, అడ్డంగా ఆటగాళ్ల గోడ కట్టేటప్పుడు సెని ఎక్కడున్నాడో, బంతి కదిలాక ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టు. 'పెట్టని కోటలా నిలిచాడు' అన్న నీ వాక్యం కొట్టెయ్. కోట కదలదు, కీపర్ కదలకపోతే గోలే. వికెట్‌కీపర్‌తో పోల్చిందీ తీసెయ్. క్యాచ్ వదిలితే ఇంకో బంతి ఉంటుంది.

బ్రెజిల్ కీపర్ మీద రాసేటప్పుడు పాత కీపర్ బార్బోజా కథ తెలియకుండా రాయకూడదు. 1950 జూలై 16, మరకనా స్టేడియం, ఉరుగ్వేతో ప్రపంచ కప్ ఆఖరి మ్యాచ్. మొదటి గోల్‌కు ఉరుగ్వే ఆటగాడు గిజ్జా కుడివైపు నుంచి బంతిని మధ్యలోకి పంపితే స్కియాఫినో కొట్టాడు. 79వ నిమిషంలో గిజ్జా మళ్లీ అటే వచ్చాడు. ఈసారీ మధ్యలోకే పంపుతాడని బార్బోజా దగ్గరి స్తంభాన్ని కాస్త వదిలాడు. బంతి ఆ సందులోంచే లోపలికి పోయింది. 2000లో చనిపోయేదాకా ఆ అడుగు నింద ఆయన్ని వదల్లేదు. చాలా అన్యాయం అది. ఒక్క పేరా చాలు, సెని 16వ తేదీ రాత్రి బరువు పాఠకుడికి దానంతటదే అర్థమవుతుంది.

ఎదురుచూసిన ఏళ్లను నువ్వు 'ఓపికగా నిరీక్షించాడు' అని రెండు మాటల్లో దాటేశావు. 1990 సెప్టెంబర్ 7న సినోప్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడు 1996 చివరిదాకా క్లబ్ మొదటి కీపర్ జెట్టీ వెనకే ఉన్నాడు. 1992, 1993ల్లో క్లబ్ లిబెర్టడోరెస్ గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది జెట్టీ. ఫార్వర్డ్‌కైతే చివర్లో ఇరవై నిమిషాలైనా దక్కుతాయి, రెండో కీపర్‌కు మొదటివాడు గాయపడితేనో రెడ్ కార్డ్ చూస్తేనో తప్ప అవకాశం లేదు. ఇది చెప్పు, ఓపిక మాట నువ్వు ఎత్తనక్కర్లేదు. 1993 జూన్‌లో స్పెయిన్‌లో టెనెరిఫేతో తొలి మ్యాచ్‌లోనే పెనాల్టీ ఆపి కూడా మళ్లీ బెంచీకే వెళ్లాడు. 1994లో కుర్రాళ్ల జట్టుతో దక్షిణ అమెరికా క్లబ్బుల మరో టోర్నీ కోపా కాన్మెబోల్ గెలిచాడు. ఆ జట్టును నడిపింది మురిసీ రమాల్యో. 1997 ఫిబ్రవరి 15న అరారస్‌లో తొలి ఫ్రీ కిక్ గోల్ కొట్టినప్పుడు కోచ్ ఆయనే, 2006 నుంచి 2008 దాకా వరుసగా మూడు లీగ్ టైటిళ్లకూ ఆయనే. ఈ దారం నీ చేతిలోనే ఉంది, పట్టుకోలేదు.

ఫ్రీ కిక్‌ల గురించి రాయి, కానీ వెనక్కి పరుగు కూడా రాయి. 9.15 మీటర్ల దూరంలో ఉన్న గోడకు తగిలి బంతి తిరిగొస్తే, కీపర్ తన గోల్‌కు ఎనభై మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటాడు. తగినంత వేగమున్న ఫార్వర్డ్‌కు ఖాళీ గోల్ అది. కొట్టిన ప్రతిసారీ ఆ లెక్క తెలిసే కొట్టాడు.

అంకెల దగ్గర జాగ్రత్త. 2011 మార్చి 27న కొరింతియన్స్ మీద కొట్టింది క్లబ్ లెక్కలో నూరో గోల్, ఫిఫా లెక్కలో 98వది, రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లవి కాబట్టి. రెండు లెక్కలూ ఒకే వాక్యంలో ఇవ్వు. ప్రపంచ కప్ విషయం మూడు వాక్యాలు మించనివ్వకు. 2002లో జట్టులో ఉన్నా ఆడలేదు. 2006లో జపాన్ మీద చివరి నిమిషాల్లో మొదటి కీపర్ దిదా బదులు దిగాడు. అంతే.

పేర్లు: పోర్చుగీసులో 'హొజేరియు'కు దగ్గరగా పలుకుతారు. కానీ మనం రొనాల్డోను హొనాల్డు అనం కదా, రొజేరియో అనే ఉంచు. ఒకచోట సావో పాలో, మరోచోట సావో పౌలో అని మాత్రం మార్చకు. ఊరి గురించి చెప్తున్నావో క్లబ్బు గురించో తేలేలా రాయి. 2015 డిసెంబర్ 11 వీడ్కోలు మ్యాచ్ గురించి నువ్వు రాసిన రెండు పేజీల్లో సగం తీసేస్తే, 16వ తేదీకి చోటు దొరుకుతుంది. తిరగరాశాక పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య