వాట్సాప్ గ్రూపుల కాదు చెల్లె, ఎదురుంగ కూసొని మాట్లాడు

నర్సంపేట దిక్కు నుంచి ఒక చెల్లె రాసింది. కొడుక్కు తొమ్మిదేండ్లు, ప్రైవేట్ స్కూల్ల మూడో తరగతి. చదవమంటే ప, వ కాడ ఆగిపోతడు, వత్తు వస్తే మింగేస్తడు, బోర్డు మీదిది రాసుకోమంటే సగం కాకముందే గంట కొడ్తరు. గదే పిలగాడు మేడారం పోయొచ్చినంక సమ్మక్క సారక్క కథ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పిండట. మేడం క్లాసు వాట్సాప్ గ్రూపుల అందరి ముందట "మీ బాబు నోట్స్ మళ్ళ ఇన్‌కంప్లీట్, ఇంట్ల చూస్తలేరా" అని పెట్టింది, ఈమెకు కోపమొచ్చి "ఫీజులు మీకు, చదువు చెప్పుడు మాకా" అని అక్కడనే తిప్పికొట్టింది. ఇప్పుడు స్పెషల్ స్కూల్ల వెయ్యిండ్రి అంటున్నరట. భర్తేమో గారాబం చేసి చెడగొట్టినవ్ అంటుండు, అత్తమ్మ తాయెత్తు కట్టింది. స్కూల్ మార్చాల్నా అక్కా అని అడుగుతుంది.

ఇప్పుడే మార్చకు చెల్లె. అసలు సంగతి తెల్వకుండ మారిస్తే కొత్త స్కూల్ల గూడ మూడు నెలలకు గిదే మెసేజ్ వస్తది.

నోటితోని అంత బాగ చెప్పేటోడు చదువుడు రాసుడు కాడ్నే ఆగుతుండంటే బద్ధకం అనుకోవద్దు, గారాబం అసలే కాదు. లర్నింగ్ డిసెబిలిటీ, అంటే తెలివి ఉన్నా చదువుడు రాసుడు కాడ్నే వచ్చే ఇబ్బంది, కావచ్చు, కాకపోవచ్చు, ఉత్తరం చూసి నేను చెప్పేది కాదది. ముందుగాల కండ్లు, చెవులు చూపియ్యి, చాలామంది గీ పని మర్చిపోతరు. తర్వాత వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక వైద్య విభాగం ఓపీల అడుగు, లేకుంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కాడ ఎన్ఐఈపీఐడీ అని మానసిక ఎదుగుదల ఇబ్బందులున్నోళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఉన్నది, అక్కడ పిల్లలను పరీక్షిస్తరు. ఎనిమిదేండ్లు నిండినయి కాబట్టి పరీక్షకు ఈడు సరిపోయింది.

ఇగ స్పెషల్ స్కూల్ మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంల చెప్పిన 21 రకాలల్ల గీ చదువు ఇబ్బంది గూడ ఉన్నది. సర్కారు గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్ళు గూడ ఇసొంటి పిల్లలను మిగతా పిల్లలతోనే కూసోబెట్టి చదివియ్యాలె, ఇబ్బందిని తొందరగ గుర్తువట్టాలె అని అండ్ల రాసి ఉన్నది. పరీక్షల ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు అసొంటివి గూడ. కానీ చట్టాన్ని పర్సులనే ఉంచుకో, మొదటి రోజే బయటికి తీస్తే మేడం ప్రిన్సిపాల్ ఎనక దాస్కుంటది, నీకు పని కాదు.

నేను గూడ ఏడేండ్లు టీచర్‌గ చేసిన. యాభై మంది పిల్లలు, సిలబస్ అయిపోలేదని పైనుంచి ఒకటే లొల్లి, గప్పుడు రాయనోణ్ణి చూస్తే నాకు గూడ చిరాకే వస్తుండె. ఒక పిలగాణ్ణి సంవత్సరమంత ఎనక బెంచీలనే కూసోబెట్టిన, ఇప్పటికీ యాదికొస్తే మంచిగనిపియ్యది. మీ మేడం గ్రూపుల పెట్టుడు ముమ్మాటికీ తప్పే, అయినా ఆమెకు వాడు సగం రాసిన నోట్‌బుక్కే కనవడ్తది, మేడారం కథ కనవడదు కదా. గది చూపియ్యాల్సింది నువ్వే.

గ్రూపుల ఇగ ఒక్క ముక్క రాయకు. సాయంత్రం బడి ఇడిచినంక ఇరవై నిమిషాలు టైమియ్యమని మేడంను విడిగ అడుగు. పోయేటప్పుడు వాని కథ ఫోన్ల రికార్డ్ చేసి తీస్కపో, ముందు గది వినిపియ్యి, తర్వాత ఆ దినం రాసిన పేజీ పక్కన పెట్టు. "రెండూ వీడే చేసిండు మేడం, ఏం చేద్దాం" అను. గ్రూపుల నేను గూడ నోరు జారిన అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోదు. ఎక్కువ అడగకు, ముందు బెంచీల కూసోబెట్టుమను, పది మాటల డిక్టేషన్ల ఐదు చాలు అనుమను, సైన్స్, సోషల్ నోటితోని అడిగి మార్కులెయ్యుమను. అందరి ముందట గట్టిగ చదివిపియ్యుడు బంద్ చెయ్యమని మాత్రం గట్టిగనే అడుగు, పిల్లల మనసు ఇరిగేది అక్కడ్నే.

ఇంట్ల నీ పని గూడ ఉన్నది. పళ్ళెంల ఇసుక పోసి దినానికి రెండే అక్షరాలు వేలుతోని దిద్దిపియ్యి, పదిహేను నిమిషాలకు ఆపెయ్. డైరీల నువ్వు ఒక లైను, మేడం ఒక లైను, ఏది కుదిరింది ఏది కుదర్లేదు, గంతే. నెలకోసారి కలువుండ్రి. ఒప్పుకున్నయి ఒక కాయితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకో, వచ్చే ఏడు మేడం మారితే గదే పనికొస్తది. మీ మండలంల ఇసొంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రం ఉంటది, అండ్ల ఐఈఆర్‌పీలని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్లుంటరు, వాళ్ళు ఎక్కువ సర్కారు బడి పిల్లలనే చూస్తరు గని పోయి అడుగు, ఎట్ల నేర్పియ్యాల్నో చెప్తే చాలు కదా.

రెండు మూడు నెలలు గిట్ల చేసి చూడు, అయినా వాళ్ళు ఏం మార్చకపోతే గప్పుడు పర్సుల చట్టం తియ్యొచ్చు, స్కూల్ మార్చే మాట గూడ గప్పుడే. మేడం దగ్గరికి మీ ఆయనను తప్పకుండ తీస్కపో, నువ్వు చెప్తే గారాబం అంటడు, మేడం నోట వింటే నమ్ముతడు. అత్తమ్మ కట్టిన తాయెత్తు ఉంటే ఉండనియ్, దానికోసం ఇంట్ల ఇంకో కొట్లాట పెట్టుకోకు.